పాఠకులు రాసే సమీక్ష రచయితకు నిజంగా పనికొస్తుందా?

"నేను విమర్శకుణ్ని కాను. నచ్చిన పుస్తకం గురించి నాలుగు ముక్కలు రాస్తే ఆ రచయితకు ఏమైనా ఉపయోగమా?" అని ఒకరు అడిగారు. చాలా ఉపయోగం. హనుమకొండలో ఉంటూ సొంత ఖర్చుతో కథల పుస్తకం వేసుకున్నవాణ్ని కాబట్టి గట్టిగా చెప్పగలను.

తెలుగులో కథల పుస్తకం అంటే మామూలుగా 500 కాపీలు, మహా అయితే 1000. పత్రికలకు సమీక్ష కోసం పంపుతాం. వాళ్ల దగ్గర పుస్తకాలు కుప్పలుగా ఉంటాయి, సాహిత్యానికి ఇచ్చే చోటు కొంచెమే. మా వైపు పుస్తకాల షాపుల్లో ఎక్కువగా కనిపించేవి పోటీ పరీక్షల గైడ్లు. అందుకే ఇలాంటి పుస్తకం ఒకటుందని కరీంనగర్‌లో ఎవరికైనా తెలియాలంటే, చదివినవాళ్లెవరో చెప్పాల్సిందే.

మన పుస్తకాల్లో రచయిత ఫోన్ నంబర్ వేసే అలవాటుంది కదా, దానివల్ల నాకు మంచి ఫోన్లే వచ్చాయి. నర్సంపేట వైపు నుంచి ఒకాయన చాలాసేపు మాట్లాడాడు. వరంగల్ ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ మీద నేను రాసిన కథలో పత్తి బస్తాల మీదే రాత్రంతా పడుకున్న రైతు అచ్చం వాళ్ల నాయనలాగే ఉన్నాడట. ఆ రాత్రి నాకు సంతోషంతో నిద్ర పట్టలేదు. కానీ ఆ మాట మా ఇద్దరి మధ్యే ఉండిపోయింది. ఫేస్‌బుక్‌లో రాసి ఉంటే ఇంకో పత్తి రైతు కొడుకు కంట పడేది. అదే అడిగితే "మాకు రాసుడు యాడొస్తది సార్" అన్నాడు. అరగంట అంత చక్కగా మాట్లాడిన మనిషి!

నా పుస్తకానికి అన్నిటికంటే మేలు చేసిన సమీక్ష పూర్తి పొగడ్త కాదు. గుంటూరు వైపు పాఠకురాలు ఒకామె, మొదటి రెండు పేజీల్లో వరంగల్ యాస అందలేదని, తర్వాత చెవికి అలవాటైందని, ఒక కథను మాత్రం చివర్లో తొందరగా తేల్చేశానని రాశారు. ఆ తర్వాత కోస్తా నుంచి పుస్తకం అడిగినవాళ్లలో కొందరు "యాస అలవాటవుతుందట కదా" అంటూనే అడిగారు. వాళ్లను ఆపుతున్న టెన్షన్ ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ముగింపు గురించి ఆమె అన్న మాట కొత్త కథ రాసే ప్రతిసారీ గుర్తొస్తుంది. ఆవిష్కరణ సభలో ఇలాంటి మాట వినపడదు. అక్కడ శాలువా కప్పి మంచి మాటలే చెబుతారు, అది సభ మర్యాద. కాళోజీ వాళ్ల కాలంలో వరంగల్ మిత్రమండలి సాహిత్య సమావేశాల్లో రచయితలు తమ రచనలు చదివి వినిపించేవాళ్లు, విన్నవాళ్లు అక్కడే తమ అభిప్రాయం చెప్పేవాళ్లు. రాసేవాళ్లకు ఆ ఎదురుమాట కావాలి. ఈరోజు దాన్ని ఇవ్వగలిగింది మీలాంటి పాఠకులే.

ఎక్కడ రాసినా మంచిదే. 2009లో మొదలైన, పుస్తకాల గురించే రాసే వెబ్‌సైట్ పుస్తకం.నెట్‌లో రాసినవాళ్లలో చాలామంది మామూలు పాఠకులే. అమెజాన్‌లో అయితే రచయిత కుటుంబ సభ్యులు, దగ్గరి మిత్రులు రాయకూడదు, డబ్బు తీసుకుని రాయడమూ కుదరదు. ఆ నియమం నాకు న్యాయంగానే అనిపిస్తుంది. పాఠకులు పుస్తకాల మీద అభిప్రాయాలు రాసుకునే గుడ్‌రీడ్స్ సైట్‌లో రాయడానికి అక్కడ ఏమీ కొని ఉండక్కర్లేదు.

"చాలా బాగుంది, తప్పక చదవండి" అని మాత్రం ఆపేయకండి. ఏ కథ, అందులో ఏ చోటు, ఎందుకు పట్టుకుందో చెప్పండి. నచ్చనిది కూడా రాయండి, మనిషిని కాకుండా రాతను అంటే ఏ రచయితా నొచ్చుకోనక్కర్లేదు. ముగింపు బయటపెట్టకండి. చివర్లో పుస్తకం వెల, దొరికే చోటు ఒక్క లైనులో ఇవ్వండి. కొనాలనుకున్నవాళ్లు చాలామంది "ఎక్కడ దొరుకుతుంది?" దగ్గరే ఆగిపోతున్నారు.