నీళ్లు తిరిగొచ్చేదాకా ఉండండి

చి.ల.సౌ. అమ్మలుకి,

పిన్ని ఆశీస్సులు. మీ పెళ్లయి ఐదేళ్లు నిండుతున్నాయని, మీరిద్దరే ఎక్కడికైనా వెళ్లొద్దామనుకుంటున్నారని, బుజ్జిగాడిని తను చూసుకుంటానందని మీ అమ్మ మొన్న ఫోన్లో చెప్పింది. ఎంత సంతోషమనిపించిందో! అమ్మమ్మ ఇంట్లో ఉన్న ఈ ఆరు నెలలూ మళ్లీ దొరకవు, తప్పకుండా వెళ్లండి. కానీ నార్త్ కరొలైనాలోని మీ షార్లెట్ నుంచి బయల్దేరి, అమెరికా తూర్పు తీరం వైపు ఉన్న చార్ల్‌స్టన్, సవానా రెండూ మూడు రోజుల్లో చుట్టేసి వస్తామని అల్లుడుగారు ప్లాన్ వేశారట. నా మాట వింటే ఆ రెండూ ఇంకోసారికి పెట్టుకోండి. ఆ రెండింటి మధ్యలో సౌత్ కరొలైనాలోనే బ్యూఫర్ట్ అని చిన్న ఊరు ఉంది. నేరుగా అక్కడికి వెళ్లి రెండు రాత్రులు ఉండండి.

మీరు వేసిన ప్లానే మేమూ ఒకప్పుడు వేశాం కాబట్టి చెబుతున్నాను. అట్లాంటా నుంచి వెళ్లి, మూడు రోజుల్లో మూడు ఊళ్లు అనుకుని, బ్యూఫర్ట్‌కి రెండు గంటలు కేటాయించాం. మేం వెళ్లిన వేళకి ఆటు. నదిలో నీళ్లన్నీ వెనక్కి పోయి ఎక్కడ చూసినా నల్లటి బురద, పైగా కుళ్లిన గుడ్డు వాసన. ఈ బురద చూడ్డానికా ఇంత దూరం వచ్చామని మీ బాబాయి విసుక్కున్నారు, నాకూ కోపం వచ్చింది, సవానా చేరేదాకా ఇద్దరం మాట్లాడుకోలేదు. రెండేళ్ల తర్వాత, ఎవరో బలవంతం చేస్తే మళ్లీ వెళ్లి అదే ఒడ్డున సాయంత్రం కూర్చున్నాం. చూస్తుండగానే బురద మీదకి నీళ్లు పాములా పాకుతూ వచ్చాయి. గడ్డి మొదళ్లు మునిగాయి, తర్వాత సగం మునిగింది, చీకటి పడేసరికి గట్టు కింద నిండుగా నీళ్లు. మేమిద్దరం రెండు గంటలకు పైగా అక్కడే ఉన్నాం. నర్సాపురం దగ్గర ఉప్పునీటి పర్రల పక్కన పెరిగిన నాకు ఆ వాసన పోటు పెట్టబోయే ముందు వాసనేనని అప్పుడు తట్టింది. మొదటిసారి వచ్చినప్పుడు ఇంకో నాలుగు గంటలు ఆగి ఉంటే ఆ ఊరు మాకు అప్పుడే దొరికేది.

అందుకని మొట్టమొదట పోటు వేళలు చూసుకో. ఆ తీరంలో ఆటుకీ పోటుకీ మధ్య నీటిమట్టం ఏడెనిమిది అడుగులు తేడా వస్తుంది. నీళ్లు నిండటానికి సుమారు ఆరు గంటలు, పోవడానికి ఆరు గంటలు, వేళలు రోజూ ముప్పావు గంట పైగా ఆలస్యమవుతుంటాయి. ప్రభుత్వ సముద్ర విభాగం వాళ్ల పట్టిక ఫోన్లోనే దొరుకుతుంది. సాయంత్రం పూట పోటు ఉన్న శనివారం చూసి సెలవు పెట్టుకోండి. మార్చి, ఏప్రిల్ గానీ, అక్టోబర్ చివర గానీ అయితే వాతావరణం బాగుంటుంది. ఎండాకాలంలో ఉక్కపోత, దోమలు, తుఫాన్ల టెన్షన్. చల్లని నెలల్లో కూడా సాయంత్రం గాలి ఆగితే కంటికి కనపడని చిన్న పురుగులు కుడతాయి. పొడుగు చేతుల చొక్కాలు పెట్టుకోండి.

జీపీఎస్ విషయంలో జాగ్రత్త. మీ నార్త్ కరొలైనాలో కూడా ఇదే స్పెల్లింగుతో ఒక ఊరుంది, దాన్ని బోఫర్ట్ అంటారు. మనం వెళ్లేది బ్యూఫర్ట్. పక్కన రాష్ట్రం పేరు కూడా కొట్టకపోతే ఇంకెటో తేలతారు. ఐ-77, ఐ-26, ఐ-95 మీదుగా నాలుగు గంటల ప్రయాణం. శుక్రవారం మధ్యాహ్నం లాప్‌టాప్ మూసేసి బయల్దేరితే చీకటి పడకముందే చేరతారు. గురువారమే వెళ్దామనుకుంటే మాత్రం గది చాలా ముందుగా బుక్ చేసుకోండి. పక్కనే పారిస్ ఐలండ్‌లో మెరీన్ సైనికుల శిక్షణ కేంద్రం ఉంది, శిక్షణ పూర్తయిన కుర్రాళ్ల వేడుకలు గురు, శుక్రవారాల్లో ఉంటాయి, వాళ్ల అమ్మానాన్నలతో హోటళ్లు నిండిపోతాయి.

హైవే పక్కన హోటల్ వద్దు. పాత ఇళ్లను బసలుగా మార్చి నడిపేవాళ్లు ఊరి మధ్యలోనే ఉన్నారు, అలాంటి చోట దిగండి. కాస్త ఖర్చు ఎక్కువే, కానీ ఊళ్లో తిరగడానికి కారు తీయక్కర్లేదు. పొద్దున్నే ఇంటివాళ్లే టిఫిన్ పెడతారు. బుక్ చేసేటప్పుడే మెట్లు ఎన్ని, గది ఏ అంతస్తులో, టిఫిన్లో మాంసం లేకుండా చేస్తారా అని అడిగేయి. ఎలక్ట్రిక్ కుక్కర్, పచ్చడి సీసాలు ఇంట్లో వదిలెయ్యి తల్లీ. ఆ పాత చెక్క గదుల్లో తాలింపు వాసన వారం రోజులు పోదు.

శనివారం పొద్దున టిఫిన్ కాగానే నడక మొదలుపెట్టండి. బే స్ట్రీట్ నుంచి తూర్పు వైపు పాయింట్ అనే పాత పేట ఉంది. 1711లో పుట్టిన ఊరు అది, ఆ పేటలో ఇళ్లు చాలావరకు, బానిసత్వం మీద అమెరికా ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాలు కొట్టుకున్న అంతర్యుద్ధానికి ముందువి. సముద్రం గాలి తగలాలని దక్షిణం ముఖంగా, ఎత్తైన పునాదుల మీద, రెండంతస్తుల వరండాలతో కట్టారు. వరండాల పైకప్పు చూడండి, చాలా ఇళ్లకి లేత నీలం రంగు వేసి ఉంటుంది. దయ్యాలు నీళ్లు దాటలేవని అక్కడి నల్లవాళ్ల పాత నమ్మకం, ఆ నీలం చూసి నీళ్లనుకుని వెనక్కి పోతాయట. మనం గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కట్టుకోమూ! వీధుల మీదకి వంగిన ఓక్ చెట్లకి బూడిద రంగు జడల్లా వేలాడే మొక్క ఉంటుంది. స్పానిష్ మాస్, అంటే నాచు అని పేరే గానీ అది అనాస కుటుంబానిది, చెట్టు రసం పీల్చదు. గాలినీ వాననీ పట్టుకుని బతుకుతుంది.

ఇళ్లు చూసి మురిసిపోవడం దగ్గరే ఆగిపోవద్దు అమ్మలూ. నీకు చెప్పాలనుకున్న ముఖ్యమైన మాట ఇదే. ఇంత అందమైన ఇళ్లు ఎందుకు మిగిలాయో తెలుసా? 1861 నవంబర్ 7న ఉత్తరాది నౌకాదళం పక్కనే ఉన్న పోర్ట్ రాయల్ పట్టుకోగానే తోటల యజమానులు ఇళ్లూ వాకిళ్లూ వదిలేసి పారిపోయారు. బానిసలుగా ఉన్న సుమారు 10,000 మంది అక్కడే ఉండిపోయారు. సైన్యం ఆ ఇళ్లను ఆసుపత్రులుగా, ఆఫీసులుగా వాడుకుంది, తగలబెట్టలేదు. దక్షిణాదిలో మిగతాచోట్ల ఇంకా యుద్ధం జరుగుతుండగానే ఇక్కడ వాళ్లు కూలికి పని చేశారు, బడికి వెళ్లారు, పొలాలు కొనుక్కున్నారు. ఆ కథ చెప్పే జాతీయ పార్కు ఆఫీసు క్రేవెన్ స్ట్రీట్ మీద పాత ఫైర్ స్టేషన్ భవనంలో ఉంది. మొదట అక్కడికి వెళ్లి రేంజర్‌తో పది నిమిషాలు మాట్లాడి, ఆ తర్వాత వీధులు తిరగండి. అవే ఇళ్లు వేరేగా కనబడతాయి.

ప్రిన్స్ స్ట్రీట్‌లో 511 నంబరు ఇంటి ముందు తప్పకుండా ఆగండి. రోడ్డు మీద నుంచి చూస్తే చాలు. ఆ ఇంటి వెనక బానిసల గుడిసెలో 1839లో రాబర్ట్ స్మాల్స్ పుట్టాడు. చార్ల్‌స్టన్‌లో పనికి కుదిరి, హానా అనే అమ్మాయిని పెళ్లి చేసుకున్నాడు. ఆమె ఇంకో యజమాని సొత్తు. భార్యనీ బిడ్డనీ కొనుక్కుంటానని అడిగితే ఆ యజమాని 800 డాలర్లు చెప్పాడు. కట్టుకున్న భార్యని డబ్బిచ్చి కొనుక్కోవాలి! అంత డబ్బు ఎప్పటికి కూడేను? 1862 మే 13 తెల్లవారుజామున, తెల్ల అధికారులు ఒడ్డున నిద్రపోతుండగా, తాను నడిపే, దక్షిణాది సైన్యానికి పనిచేసే ప్లాంటర్ అనే పడవని రేవులోంచి తీసేశాడు. దారిలో ఆగి హానానీ పిల్లల్నీ, తోటివాళ్ల కుటుంబాలనీ ఎక్కించుకున్నాడు. కెప్టెన్ టోపీ పెట్టుకుని, కోటల ముందు వేయాల్సిన కూతలు సరిగ్గా వేసుకుంటూ, ఫిరంగుల కింద నుంచి దాటుకుపోయాడు. తుపాకుల దూరం దాటాక తెల్ల దుప్పటి ఎగరేసి ఉత్తరాది నౌకకి పడవ అప్పగించాడు. అప్పటికి అతనికి 23 ఏళ్లు. ప్రభుత్వం ఇచ్చిన బహుమతి డబ్బుతో, పన్ను బకాయికి వేలానికొచ్చిన ఆ ఇంటినే కొన్నాడు, పాత యజమాని ఇంటిని. తర్వాత అమెరికా కాంగ్రెస్‌కి ఐదుసార్లు ఎన్నికయ్యాడు. మతి సరిగ్గా లేని పాత యజమానురాలు ఒకనాడు తన ఇల్లే అనుకుని గుమ్మంలోకి వస్తే, కాదనకుండా ఆమె గదిలోనే ఉండనిచ్చాడని ఊళ్లో చెప్పుకుంటారు.

అతని సమాధి క్రేవెన్ స్ట్రీట్‌లోనే, టాబర్నాకిల్ బాప్టిస్ట్ చర్చి ఆవరణలో ఉంది. మా జాతికి ప్రత్యేకమైన రక్షణేమీ అక్కర్లేదు, జీవన పోరాటంలో సమానమైన అవకాశం ఒక్కటిస్తే చాలు అని 1895లో అతనన్న మాట అక్కడ చెక్కి ఉంటుంది. మీ బాబాయి ఆ మాట రెండుసార్లు పైకి చదివారు. మేం ఆ రోజు ఇంకేమీ చూడలేదు. నడుచుకుంటూ బసకి వచ్చి మధ్యాహ్నం పడుకున్నాం. మీరూ మధ్యాహ్నాలు పడుకోండి, నడి ఎండలో ఫోటోల కోసం తిరగక్కర్లేదు.

తిండి సంగతి జాగ్రత్తగా విను. శనివారం నువ్వు నీచు ముట్టవు కదా, అక్కడ ఆకుకూరని కూడా నమ్మొద్దు. కాలర్డ్ ఆకుల కూరని పంది ఎముక వేసి ఉడికిస్తారు. నేను ఒకచోట సగం తిన్నాక అడుగున ముక్క కనబడింది. ఆకుకూరే కదా అని నేను అడగలేదు, వాళ్లూ చెప్పలేదు. ఎర్ర అన్నంలోనూ, బొబ్బర్ల అన్నంలోనూ కూడా మాంసం పడుతుంది. వెజిటేరియన్ అంటే సరిపోదు, బేకన్, హామ్, చికెన్ నీళ్లు ఏవీ లేకుండా అని విడివిడిగా చెప్పాలి. వేయించిన బెండకాయలు, పచ్చి టమాటా వేపుడు బాగుంటాయి, చేపలు వేయించిన నూనె కాదేమో అడిగి తిను. మొక్కజొన్న రవ్వ జావలా ఉండే గ్రిట్స్ వెన్నతో అడుగు, కారప్పొడి చల్లుకుంటే మన ఉప్పుడు జావే. అల్లుడుగారికి మాత్రం పండగే. అవే గ్రిట్స్ రొయ్యలతో పెడతారు, రొయ్యలూ సాసేజీ మొక్కజొన్న పొత్తులూ బంగాళాదుంపలూ కలిపి ఉడికించే ఫ్రాగ్‌మోర్ స్ట్యూ ఉంటుంది. పేరులో కప్ప ఉన్నా అందులో కప్ప లేదని చెప్పు, ఫ్రాగ్‌మోర్ అక్కడో పల్లె పేరు. చిన్న ఊరు కాబట్టి రాత్రి భోజనం పెందలాడే కానిచ్చేయాలి.

ఆదివారం కారు తీసి సెయింట్ హెలెనా దీవికి వెళ్లండి. గల్లా వాళ్ల ఊళ్లవి. పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్ల సంతానం, వాళ్ల యాస, వంట, పాట ఇప్పటికీ నిలుపుకున్నారు. విడుదలైనవాళ్ల కోసం 1862లో పెట్టిన పెన్ స్కూల్ అక్కడే ఉంది. 1960లలో మార్టిన్ లూథర్ కింగ్ తన మనుషులతో వచ్చి ఆలోచనలు చేసుకున్నది ఆ చెట్ల కిందే. మ్యూజియం తెరిచే రోజులు ముందే చూసుకోండి, ఆదివారం లేకపోతే శనివారం మధ్యాహ్నానికి జరపండి. గల్లా వాళ్లు గడ్డితో చుట్టలుగా అల్లే బుట్టల్లో వెడల్పాటి రకం ఒకటుంది. చూడగానే నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. అది ధాన్యం చెరిగే చేట! వరి పండించడం తెలిసిన మనుషులని ఏరి మరీ అక్కడికి పట్టుకొచ్చారు. బుట్ట కొంటే బేరం ఆడొద్దు, అల్లడానికి రోజులు పడుతుంది.

కొంచెం ముందుకి వెళ్తే ఓక్ చెట్ల కింద చాపెల్ ఆఫ్ ఈజ్ అని కప్పు లేని పాత ప్రార్థనా మందిరం కనబడుతుంది, 1886లో అడవి మంటల్లో కాలిపోయింది. గోడ దగ్గరికి వెళ్లి చూడు. ఆల్చిప్పలు కాల్చిన సున్నం, ఇసుక, నీళ్లు, మళ్లీ ఆల్చిప్పలే కలిపి పోసిన గోడ అది. తెల్లటి చిప్పల అంచులు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, వేలు పెడితే గీసుకుంటుంది. మన పాత మండువా ఇళ్లకి వాడిన గుల్ల సున్నం లాంటిదే. ఆ చిప్పలు ఏరి, కాల్చి, మోసి పోసినవాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు. అక్కడ కాసేపు మాట్లాడకుండా నిలబడండి.

బ్యూఫర్ట్ నుంచి దీవికి వచ్చిన పెద్ద రోడ్డుకే తిరిగొచ్చి ముందుకి వెళ్తే, దాని చివర హంటింగ్ ఐలండ్ బీచ్. అలలు కోసేసిన చెట్ల మోడులు ఇసుకలో పడి ఉంటాయి, ఆటు వేళ అయితే వాటి మధ్య నడవొచ్చు. లైట్‌హౌస్‌కి 167 మెట్లు, పైకి పంపుతున్నారో లేదో కనుక్కుని వెళ్లండి.

ఇంకొక్క మాట. బుజ్జిగాడికి రాత్రి ఒక్కసారి వీడియో కాల్ చెయ్యండి, అంతే. మీ అమ్మ నిన్ను పెంచింది, వాడినీ చూసుకుంటుంది. కారులో ఇంటి లోన్ గురించీ, ఆఫీసు ప్రమోషన్ గురించీ మాట్లాడొద్దు. మాటలు లేకపోతే ఊరుకోండి, ఏమీ కాదు. మేం పోటు కోసం కూర్చున్న ఆ రెండు గంటల్లో మీ బాబాయి నాతో పది మాటలు కూడా అని ఉండరు.

తిరిగొచ్చేటప్పుడు దీవి రోడ్డు పక్కన ఉడకబెట్టిన వేరుశనక్కాయలు అమ్ముతుంటారు, ఉప్పు వేసి తొక్కతోనే, అచ్చం మన ఊళ్లోలా. రెండు పొట్లాలు కొనండి, ఒకటి దారిలో అయిపోతుంది. తేదీ ఖాయం కాగానే ఫోన్ చెయ్యి, ఆ శనివారం పోటు ఎన్నింటికో చూసి చెబుతాను.

మీ పిన్ని