షిఫ్టు డ్యూటీ, ఇంట్లో గుర్రం: ముందు మేత వేళలు మార్చు

తమ్ముడూ, రాయగడలో షిఫ్టు డ్యూటీ చేస్తూ రోజుకు రెండే పూటలు మేత వేస్తున్నానని, గుర్రానికి తరచూ కడుపునొప్పి వస్తోందని రాశావు. తప్పు అక్కడే ఉంది. గుర్రం కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది, గంటల తరబడి ఖాళీగా ఉంచితే పుండ్లు పడతాయి.

350 కిలోల గుర్రానికి రోజుకు 6–7 కిలోల ఎండుమేత కావాలి. డ్యూటీకి వెళ్లేముందు 3 కిలోలు అంగుళంన్నర కన్నున్న వలలో కట్టు. పరక పరకా లాక్కుని తినాలి కాబట్టి చాలాసేపు వస్తుంది. ఖాళీ అయ్యాక వల జారి గిట్టకు చిక్కుతుంది, ఎత్తుగా కట్టు. చవగ్గా దొరుకుతుందని వరిగడ్డి ఒక్కటే వేయకు, పేగులో ముద్దకడుతుంది. దాణా పూటకి కిలో దాటనివ్వకు. తొట్టిలో నీళ్లు ఎప్పుడూ ఉండాలి.

ఖర్చు తగ్గించాలని గిట్టలు చెక్కించడం మాత్రం మానకు, 6–8 వారాలకోసారి తప్పదు. మధ్యాహ్నం మేతకు పక్కింటి కుర్రాడికి నెలకింతని ఇవ్వు. మళ్లీ నొప్పితో పొర్లితే మేత తీసేసి వెంటనే పశువుల డాక్టరుని పిలు.