ఆ పదేళ్లు ఎక్కడికి పోయాయి?

తమ్ముడూ,

పోర్చుగల్ ఫుట్‌బాల్ డిఫెండర్ జోసే ఫోంటే మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ మూడో పేరాలో ‘ఎన్నో ఒడిదుడుకులు ఎదుర్కొని ముప్పై ఏళ్ల వయసులో పోర్చుగల్ జట్టులో చోటు సంపాదించాడు’ అని రాసి పడేశావే, అక్కడ నాకు ఒళ్లు మండింది.

అసలు కథంతా ఆ వాక్యం కిందే పాతేశావు. పోర్చుగల్‌లోనే ఫెల్గెరాస్, సెతూబల్ జట్లకు ఆడాడు. లిస్బన్ క్లబ్బు బెన్ఫికా తీసుకుంది, తీసుకుని వేరే క్లబ్బులకు లోన్ మీద, అంటే అరువుగా, పంపింది. అంత పెద్ద క్లబ్బు పిలిచీ ఆడనివ్వకపోతే ఆ కుర్రాడికి ఎలా ఉంటుంది? అక్కణ్ణుంచి లండన్ వెళ్లి క్రిస్టల్ ప్యాలెస్‌లో చేరాడు. 2010 జనవరిలో ఇంగ్లండ్ రెండో డివిజన్‌లో ఉన్న ఆ జట్టును వదులుకుని, మూడో డివిజన్‌లో ఉన్న సౌతాంప్టన్‌కు వెళ్లాడు. ఇరవై ఆరేళ్లవాడు కావాలని ఒక మెట్టు కిందికి దిగాడు! ఎందుకో నువ్వు వెతికావా? 2011లో పై డివిజన్‌కు ఒక ప్రమోషన్, 2012లో ఇంకొకటి, ఆ జట్టు ఇంగ్లండ్‌లో అన్నిటికంటే పైనున్న ప్రీమియర్ లీగ్‌కు వచ్చేసింది. దేశం తరఫున మొదటి మ్యాచ్ 2014 నవంబర్‌లో, అర్జెంటీనా మీద.

ఎప్పుడూ చెప్పేదే మళ్లీ చెబుతాను. డిఫెండర్ గురించి రాసేవాడు అతను జరగకుండా ఆపినదాన్ని రాయడం నేర్చుకోవాలి. 2016 యూరో కప్పులో, అదే యూరప్ దేశాల టోర్నమెంటులో, గ్రూప్ మ్యాచ్‌లన్నీ ఫోంటే బెంచీ మీదే కూర్చున్నాడు. తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లో, క్రొయేషియా మీద మొదటిసారి దిగాడు. 90 నిమిషాల్లో రెండు జట్లలో ఎవరి షాటూ గోల్ వైపు సరిగ్గా వెళ్లలేదు. నువ్వు ఎక్స్‌ట్రా టైమ్‌లో, 117వ నిమిషంలో, పోర్చుగల్ ఆటగాడు క్వరేజ్మా కొట్టిన గోల్ ఒక్కటే రాసి వదిలేశావు. ఆ వీడియో మళ్లీ పెట్టుకుని, బంతిని వదిలేసి ఫోంటేనే చూడు. పక్కన ఆడే డిఫెండర్ పెపే ముందుకెళితే వెనక ఖాళీని ఎలా కాస్తున్నాడు, తల తిప్పి భుజం వెనక ఎవరున్నారో ఎప్పుడెప్పుడు చూసుకుంటున్నాడు, అదంతా రాయి.

నేను కొత్తగా రాసే రోజుల్లో ఒక జిల్లా టోర్నమెంటులో ఒక స్టాపర్ బ్యాక్ మీద, అంటే మధ్యలో ఆడే డిఫెండర్ మీద, పేజీ నిండా రాసి ఇచ్చాను. ఎడిటర్ చదవనే లేదు. ‘గోల్ కొట్టినోడి ఫొటో ఉందా?’ అన్నాడు. పొద్దున పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి, వాటిలో ఆ కుర్రాడి పేరే లేదు. ఇప్పటికీ ఆ డెస్కులకు అదే జబ్బు. హెడ్డింగులో రొనాల్డో లేకపోతే పోర్చుగల్ అనే దేశమే లేదన్నట్టు చేస్తారు. ఆ జబ్బు నీకూ అంటుకుంది. ఆ యూరో ఫైనల్లో రొనాల్డో దెబ్బ తగిలి 25వ నిమిషంలో ఏడుస్తూ బయటికి పోవడానికి పేరా మొత్తం ఇచ్చావు. మిగతా ఆటంతా ఫ్రాన్స్‌ను వాళ్ల సొంత గడ్డ మీద ఆపినవాళ్లకు ఒక్క లైను!

చైనాలో ఆడిన కొన్నాళ్లకు ఒక ముక్క చాలు. ఫ్రాన్స్ క్లబ్బు లిల్ దగ్గర మాత్రం ఆగు. 2020-21లో, 37 ఏళ్ల వయసులో, కెప్టెన్‌గా ఫ్రెంచ్ లీగ్ గెలిచాడు. పారిస్ క్లబ్బు పీఎస్‌జీ కంటే ఒక్క పాయింట్ ఎక్కువ. 38 మ్యాచ్‌ల్లో లిల్ ఎదుటి జట్లకు ఇచ్చిన గోల్స్ 23 మాత్రమే. పక్కన ఆడిన డిఫెండర్ స్వెన్ బోట్మన్‌కు అప్పటికి ఇరవై ఒకటి. ఆ ఇద్దరి జోడీ మీద నీ వ్యాసంలో ఒక్క మాటైనా లేదేం?

ఏ పత్రికకు పంపాలి, డబ్బులెంత ఇస్తారు అని అడిగావు. ముందు ఆ 2010 జనవరి సంగతి రాసి నాకు పంపు. రొనాల్డో పేరా తీసెయ్.