నల్ల ట్రంకు పెట్టె తాళం ఎవరి దగ్గరుంది?

మాజీ సైనికుల ఇళ్ల నుంచి ప్రశ్నలు రాయమని పోయిన సంచికలో అడిగితే, రాసింది ఎక్కువగా ఆడవాళ్లే. జవాబులు చెప్తున్న నేను ఆర్మీలో క్లర్కుగా చేసి హవల్దారుగా ఇంటికొచ్చినవాణ్ని, ఉండేది నల్లగొండలో. తుపాకీ కంటే పెన్ను ఎక్కువ పట్టాను, అందుకే ఎడిటర్ గారు ఈ పేజీ నాకు అప్పగించారేమో.

ప్రశ్న: మా ఆయన ఆర్టిలరీల 17 ఏళ్లు చేసి హవల్దారుగ పింఛన్ వచ్చిండు. పోయిన ఎండాకాలం గుండెపోటుతో పోయిండు, 59 ఏళ్లు. పింఛన్ మంజూరు కాయితం పీపీఓల నా పేరు యాదమ్మ అని ఉంది, ఆధార్‌ల యాదగిరమ్మ. బ్యాంకుకు పోతే మాకు తెల్వదంటున్నరు. ఆయన పోయినంక కూడా మూడు నెలలు పైసలు పడ్డయి, మా పిలగాడు ఏటీఎంల తీసిండు. ఇప్పుడు అదీ ఆగింది. ఎవరి కాళ్లు పట్టుకోవాలె అన్నా?
— ఒక చెల్లె, దేవరకొండ దగ్గరి పల్లె

జవాబు: ఎవరి కాళ్లూ పట్టుకునే పనిలేదు చెల్లే. ముందు ఆ ఏటీఎం కార్డు పక్కన పెట్టించు. మనిషి పోయాక పడ్డ పింఛను మనది కాదు, తిరిగి పట్టుకుంటారు. మీవాడు దొంగతనం చేశాడని ఎవరూ అనరు, తెలియక చాలా ఇళ్లలో జరిగేదే, కాని ఫలానా మూడు నెలలు తీశామని నువ్వే ముందు చెప్తే నీకు రావాల్సిన బకాయిలోంచి కోసుకుంటారు, లెక్క అక్కడితో తెగుతుంది. ఫ్యామిలీ పెన్షన్ ఆయన పోయిన మరుసటి రోజు నుంచి లెక్క, ఆలస్యమైతే బకాయి కింద వస్తుంది తప్ప పోదు, కాబట్టి ఆ టెన్షన్ వద్దు.

బ్యాంకువాళ్లు తెలియదనడం కూడా ఒక రకంగా నిజమే. ఇదివరకు పింఛను బ్యాంకు చేతిలో ఉండేది, ఇప్పుడు స్పర్శ్ అనే పద్ధతిలో ప్రయాగ్‌రాజ్‌లోని రక్షణ శాఖ పింఛన్ల ఆఫీసు నుంచి నేరుగా ఖాతాలో పడుతోంది, బ్యాంకు ఉత్త డబ్బా. నువ్వు పోవాల్సింది నల్లగొండలోని సైనిక్ వెల్ఫేర్ ఆఫీసుకు.

పోయేముందు ఇంట్లో నల్ల ట్రంకు పెట్టె తియ్యి. ఉంటుంది, ప్రతి ఫౌజీ ఇంట్లో ఉంటుంది, మూత మీద తెల్ల పెయింటుతో నంబరు, ర్యాంకు, పేరు రాసి. అడుగున ఉన్ని కంబళి కింద ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి బుక్కు, పీపీఓ ఉంటాయి. వాటితోపాటు డెత్ సర్టిఫికెట్, నీ ఆధార్, పాన్, నీ ఒక్కదాని పేరు మీదున్న బ్యాంకు పుస్తకం పెట్టుకో. యాదమ్మ, యాదగిరమ్మ ఒక్కరే అని నోటరీ దగ్గర అఫిడవిట్ రాయించు. వెల్ఫేర్ ఆఫీసు వాటిని నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు పంపిస్తుంది, వాళ్లు పేరు సరిచేస్తే ప్రయాగ్‌రాజ్ నుంచి సవరించిన పీపీఓ వస్తుంది. వారంలో అయ్యే పని కాదు. పంపిన ప్రతి కాగితానికీ జిరాక్సు, రిజిస్టర్డ్ పోస్టు రసీదు దాచుకో. ఇంత ఇస్తే పని చేయిస్తానని ఎవడైనా వస్తే పైసా ఇయ్యకు.

నా సంగతి చెప్తే నవ్వుతావు. ఇరవై రెండేళ్లు పక్కోళ్ల డాక్యుమెంట్లు దిద్దిన క్లర్కును, మా ఇంటామె పుట్టిన తేదీ నా కాగితాల్లోనే తప్పుంది. రిటైరయ్యాక చూసుకున్నా. దిద్దించుకోవడానికి ఎనిమిది నెలలు పట్టింది, ఒక ఆఫీసులోనైతే నా ఫైలు రెండుసార్లు పోయింది. నేను బతికుండగానే చూసుకున్నా కాబట్టి సరిపోయింది. ఈ జవాబు చదువుతున్న మగవాళ్లు ఒకసారి లేచి పోయి పెట్టె తీసి చూసుకోండి, ఆ తాళం ఎక్కడ పెడతారో ఇంటామెకు చెప్పండి.

ఇంకొక్క మాట చెల్లే. మొదట్లో నీకు ఎక్కువ రేటు పింఛను వస్తుంది. అది ఏడేళ్లు, లేదా ఆయన బతికుంటే 67 ఏళ్లు నిండేదాకా, ఏది ముందైతే అది. మీ ఆయన 59కి పోయాడు కాబట్టి నీకు ఏడేళ్లూ వస్తుంది. ఆ తర్వాత ఒక నెల హఠాత్తుగా తగ్గుతుంది, అప్పుడు ఎవడో మింగాడని గాబరా పడొద్దు, అది మామూలు రేటు. ఆ తేదీ గోడ మీద రాసుకుంటావో, క్యాలెండర్ మీద రాసుకుంటావో నీ ఇష్టం. మాజీ సైనికులకు, వాళ్ల కుటుంబాలకు ఉన్న ఈసీహెచ్ఎస్ వైద్యం కూడా నీకు ఉంటుంది, కార్డు నీ పేరు మీదికి మార్పించుకో.

ప్రశ్న: మా నాయిన ఆరేళ్లు మిల్ట్రీలో చేసి వచ్చేశాడు. పింఛను లేదు. ఇప్పుడు 72 ఏళ్లు, వ్యవసాయం చేసే ఓపిక లేదు. ఆయనకేమైనా వస్తుందా?
— కల్వకుర్తి

జవాబు: రావచ్చు తమ్ముడూ, కాని అంతా డిశ్చార్జి బుక్కులో ఒక్క లైను మీద ఆధారపడి ఉంది. ఎందుకు విడుదలయ్యాడు అనే చోట ఏం రాశారో చూడు. అనారోగ్యం వల్లనో, కాంట్రాక్టు పూర్తయ్యో వస్తే ఒక లెక్క, తన సొంత కోరిక మీద వచ్చేస్తే ఇంకో లెక్క. మాజీ సైనికుడు అనే మాటకు ప్రభుత్వం ఇచ్చిన నిర్వచనం ఏ సంవత్సరంలో విడుదలయ్యారన్న దాన్ని బట్టి మారుతుంది, అందుకే మహబూబ్‌నగర్ వెల్ఫేర్ ఆఫీసులో బుక్కు చూపించి తేల్చుకోవాలి. అక్కడ గుర్తింపు కార్డు వచ్చిందంటే సగం పని అయినట్టే.

పింఛను లేని, 65 ఏళ్లు దాటిన, హవల్దారు వరకు ర్యాంకు ఉన్నవాళ్లకు, వాళ్లు లేకపోతే భార్యలకు, రక్షణ మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి నెలనెలా సాయం ఉంది. ఇదివరకు 4,000 ఉండేది, 2025 నవంబరు 1 నుంచి పెట్టే దరఖాస్తులకు 8,000 చేశారు. దరఖాస్తు కేంద్రీయ సైనిక్ బోర్డు సైట్లో పెట్టాలి, జిల్లా ఆఫీసు సిఫారసు కావాలి. ఆరేళ్లేగా చేసింది, మనకెవరిస్తారులే అని మీ నాయిన అంటూ ఉండొచ్చు, ఆ తరంవాళ్లంతా అట్లే అంటారు. వినకు, బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపో.

ప్రశ్న: మా ఆయన పింఛన్ వచ్చి నాలుగేళ్లు. సెక్యూరిటీ గార్డు పని చేస్తున్నాడు. రాత్రి ఉలిక్కిపడి లేస్తాడు, తలుపు గడియ రెండు మూడుసార్లు చూస్తాడు, తర్వాత వరండాలో కూర్చుంటాడు తెల్లారేదాకా. మిలటరీ క్యాంటీన్‌లో తెచ్చిన మందు సీసా నెలాఖరు దాకా ఆగడం లేదు. పిల్లలు దగ్గరికి పోవడానికి భయపడుతున్నారు. డాక్టరు అంటే నేనేమన్నా పిచ్చోణ్నా అని అరుస్తాడు.
— పేరు వద్దు, మహబూబ్‌నగర్

జవాబు: అమ్మా, ఈ ఉత్తరం రాయడానికి మీరెంత ఆలోచించి ఉంటారో తెలుసు. ఇది పిచ్చి కాదు, పొగరు అసలే కాదు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు డ్యూటీలో చెవులు రిక్కించి కూర్చున్న ఒంటికి, ఇంటికొచ్చావు ఇక పడుకో అంటే అర్థం కాదు. దీనికి వైద్యం ఉంది. ఈసీహెచ్ఎస్ పాలీక్లినిక్‌కు పోతే అక్కడి నుంచి మానసిక వైద్యుడి దగ్గరికి రాసిస్తారు, నిద్ర పట్టడం లేదు, బీపీ చూపిద్దాం అని తీసుకుపోండి, మిగతాది లోపల డాక్టరుకు మీరు చెప్పండి. ఇది అబద్ధం కాదు కదా, నిద్ర నిజంగానే పట్టడం లేదు.

ఆయన రానంటే ముందు మీరు 14416కు ఫోన్ చేయండి. టెలి మానస్ అంటారు, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడతారు, ఇంట్లోవాళ్లు కూడా చేయొచ్చు. చచ్చిపోతే బాగుండు లాంటి మాట ఆయన నోట వస్తే మాత్రం రేపు చూద్దాం అనుకోకండి, ఆ రోజే ఆస్పత్రికి.

సీసా పారబోయడం చేయకండి. రోజూ గట్టిగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ దాకా పోవచ్చు, డాక్టరు చెప్పినట్టు తగ్గించాలి. ఇంకో పని ఉంది, అది నాకు తెలిసి మందులంత పనిచేస్తుంది. ఆయన యూనిట్లో కలిసి చేసినవాళ్లలో ఒకరి నంబరు ఆయన ఫోన్లోనే ఉంటుంది. అతనికి మీరు చేసి, అన్నా ఒకసారి ఇంటికి రా, భోజనం చేసి పో అనండి. భార్యకు చెప్పుకోలేనిది ఫౌజీ ఫౌజీకి చెప్తాడు. మా వాడొకడు అట్లాగే ఒక ఆదివారం పొద్దున పదికి వచ్చి, సాయంత్రం ఆరు దాకా నాతో మంచు గురించి మాట్లాడాడు, మంచు గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు, మర్నాడు పొద్దున తనే ఫోన్ చేసి డాక్టరు దగ్గరికి తోడు రమ్మన్నాడు.

ప్రశ్న: అన్నా, మా మండలంలో రిటైరైనవాళ్లం పద్నాలుగు మందిమి. సంఘం పెట్టాం. ఆగస్టు 15కు ఫ్లెక్సీ కట్టాం, జెండా ఎగరేశాం. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక వాట్సాప్‌లో గుడ్ మార్నింగులు పెట్టుకుంటున్నాం.
— కోదాడ

జవాబు: గుడ్ మార్నింగుల దగ్గరే ఆగిన సంఘాలు నాకు చాలా తెలుసు తమ్ముడూ, నువ్వు అడిగావు కాబట్టి మీది బతుకుతుంది.

మీ పక్కనే సూర్యాపేట ఉంది. 2020 జూన్ 15న గల్వాన్‌లో ప్రాణమిచ్చిన కల్నల్ సంతోష్ బాబు ఆ ఊరివాడు, ఆయనకు మహావీర చక్ర ఇచ్చారు, విగ్రహం పెట్టారు, రాష్ట్ర ప్రభుత్వం ఆ కుటుంబానికి అండగా నిలిచింది. అది న్యాయం. కాని అదే జిల్లాలో బైకు యాక్సిడెంట్లో పోయిన నాయక్ ర్యాంకులో రిటైరైన జవాను భార్యకు విగ్రహం ఉండదు, కలెక్టరు ఫోన్ చేయడు, ఆమె దగ్గరికి పోవాల్సింది మీరు. పద్నాలుగు మంది పద్నాలుగు ఊళ్లు పంచుకోండి. బతికున్నవాళ్ల ఇళ్లు, పోయినవాళ్ల ఇళ్లు, ఇప్పుడు బార్డర్లో ఉన్న పిల్లల తల్లిదండ్రుల ఇళ్లు ఒక నోటుబుక్కులో రాయండి. ఎవరి పీపీఓలో పేరు తప్పుంది, ఎవరికి ఈసీహెచ్ఎస్ కార్డు లేదు, అంతే, పెద్ద సర్వే అక్కర్లేదు. మీలో చదువుకున్న ఒకడు స్పర్శ్ లాగిన్, పాస్‌వర్డ్ మార్చడం నేర్చుకుంటే మండలానికంతా సరిపోతాడు.

పిల్లల చదువు దగ్గర మనవాళ్లు ఏటా నష్టపోతున్నారు. ప్రధానమంత్రి స్కాలర్‌షిప్ అని ఉంది, ఇంజనీరింగ్, మెడిసిన్ లాంటి కోర్సుల్లో చేరిన మాజీ సైనికుల పిల్లలకు, ఆడపిల్లకు నెలకు 3,000, మగపిల్లవాడికి 2,500, దేశం మొత్తానికి ఏడాదికి 5,500 మందికి. ఇంటర్లో 60 శాతం ఉండాలి, మొదటి సంవత్సరంలోనే దరఖాస్తు పెట్టాలి. మనవాళ్లకు ఈ సంగతి తెలిసేసరికి పిల్ల మూడో సంవత్సరంలో ఉంటుంది. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన వారం మీ గ్రూపులో గుడ్ మార్నింగ్ బదులు ఇది పెట్టు.

భూమి తగాదాలు, కోర్టు కేసులు ఉన్నవాళ్లకు 2025 జులై 26న జాతీయ న్యాయ సేవల సంస్థ నల్సా వాళ్ల వీర్ పరివార్ సహాయతా యోజన మొదలైంది, సైనిక్ బోర్డు ఆఫీసుల్లోనే ఉచిత న్యాయ సలహా అందించాలని దాని ఉద్దేశం. అడగాలి. సోమవారం ప్రజావాణికి ఒక్కో ముసలాయన ఒక్కో అర్జీతో పోకండి, పది మంది కలిసి ఒకే కాగితం మీద, పేర్లు నంబర్లతో పోండి. ఒకే ర్యాంకులో ఒకే సర్వీసు చేసినవాళ్లు ఎప్పుడు రిటైరైనా ఒకే పింఛను అనే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ కూడా ఇంట్లో కూర్చుంటే రాలేదు కదా, దశాబ్దాలు అడిగారు, 2015లో ముసలి ఫౌజీలు జంతర్ మంతర్ దగ్గర నెలల తరబడి కూర్చున్నారు, ఆ నవంబరులో ఉత్తర్వు వచ్చింది, 2014 జులై 1 నుంచి లెక్క కట్టారు.

ఫ్లెక్సీ కూడా కట్టుకో, వద్దనను. కాకపోతే మీ అందరి ఫొటోలు కాస్త చిన్నగా వేసి, మధ్యలో సైనిక్ వెల్ఫేర్ ఆఫీసు అడ్రసు పెద్దగా వేయించు.

ప్రశ్న: మా తాతకు 84 ఏళ్లు. పొలం పనికి వేళ్లు అరిగిపోయి మెషిన్ వేలిముద్ర తీసుకోవడం లేదు. పోయినేడు బతికున్నట్టు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినా రిజెక్ట్ అయి పింఛను ఆగింది.
— మిర్యాలగూడ

జవాబు: రిజెక్ట్ కావడానికి వేలు కారణం కాకపోవచ్చు. వేలు సరిపోకపోతే సర్టిఫికెటే తయారు కాదు. సెంటర్లో కుర్రవాడు పింఛను ఇచ్చేవాళ్ల పేరు దగ్గర అలవాటుగా బ్యాంకు పేరు నొక్కి ఉంటాడు. స్పర్శ్‌లో ఉన్నవాళ్లకు అక్కడ స్పర్శ్ పీసీడీఏ పెన్షన్స్ అలహాబాద్ అన్నది నొక్కాలి, అది ప్రయాగ్‌రాజ్ పింఛన్ల ఆఫీసే, ఊరి పేరు మారినా ఆ జాబితాలో పాత పేరే కనబడొచ్చు. పక్కన నిలబడి చూడు. ఆగిన పింఛను బకాయితో సహా వస్తుంది. 80 దాటినవాళ్లు నవంబరు దాకా ఆగకుండా అక్టోబరులోనే ఇవ్వొచ్చు.

వేలిముద్ర బాధ లేకుండా ముఖంతో కూడా చేయొచ్చు. ఫోన్లో జీవన్ ప్రమాణ్ యాప్, ఆధార్ ఫేస్ ఆర్డీ యాప్ రెండూ ఎక్కించు. పొద్దున పూట తాతను అరుగు మీద వెలుతురు ముఖం మీద పడేట్టు కూర్చోబెట్టు, రుమాలు, కళ్లద్దాలు తీసెయ్. కెమెరా వైపు చూసి రెప్ప కొట్టు తాతా అని చెప్పు. మా పక్కింటి సుబేదారు సాబ్ అయితే ఫోటో అనుకుని అటెన్షన్‌లో బిగుసుకుపోయి, ఎంతకీ రెప్ప కొట్టలేదు. చివరికి మనవరాలు నవ్విస్తే పని అయింది.