మానసిక సమస్యతో క్లినిక్‌కి వచ్చినవాళ్లకి మత్తు అలవాటు కూడా ఉందేమో ఎలా కనుక్కోవాలి? ఏ ప్రశ్నావళి మంచిది?

ఒక క్లినిక్‌లో చాలా ఏళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. మీరు ప్రశ్నావళి గురించి అడిగారు కానీ, నన్నడిగితే అది తర్వాతి సంగతి. ఎవర్ని అడగాలన్నది ముందు తేల్చుకోండి. వచ్చిన ప్రతి ఒక్కరినీ అడగాలి. దిగులని వచ్చినవాళ్లని మత్తు గురించి, తాగుడని వచ్చినవాళ్లని మనసు గురించి.

మొదట్లో మేం మొహం చూసి అడిగేవాళ్లం. వాసన వస్తేనో, చేతులు వణుకుతుంటేనో, ఇంట్లోవాళ్లు వాపోతేనో తప్ప తాగుడు మాట ఎత్తేవాళ్లం కాదు. ఒకావిడ దిగులు, నిద్రపట్టకపోవడం అంటూ నాలుగు నెలలు వచ్చారు (ఎవరో తెలియకుండా వివరాలు మార్చాను). మా డాక్టర్ మందు మార్చారు, మోతాదు పెంచారు, నిద్రమాత్ర కూడా రాశారు. ఐదో నెలలో మాటల మధ్యలో "రాత్రి ఆ రెండు గ్లాసులు పడకపోతే కన్ను మూతపడదండీ" అన్నారు. ఇన్నాళ్లూ చెప్పలేదేమని అడిగితే, "మీరు అడగలేదుగా!" అన్నారు. మద్యం మీద నిద్రమాత్ర వేసుకుంటే ఊపిరే మందగించే ప్రమాదం ఉంది. ఆవిడకి ఏమీ కాలేదంటే అది మా గొప్ప కాదు. ఆ మర్నాటి నుంచే అందరినీ అడగడం మొదలుపెట్టాం.

ఇక ఫారాలు. మద్యానికి ఆడిట్-సీ చాలు, మూడే ప్రశ్నలు. 12కి మగవాళ్లకి 4, ఆడవాళ్లకి 3 వచ్చిందంటే చాలు, పది ప్రశ్నల పూర్తి ఆడిట్ పెడతాం. అందులో 40కి 8 వస్తే తీరిగ్గా కూర్చుని మాట్లాడాల్సిందే. పొగాకు, గంజాయి, మాత్రలు అన్నీ కలిపి చూడాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన అసిస్ట్ ఉంది. దిగులుకి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి జీఏడీ-7. ఈ రెండింటిలోనూ 10 దగ్గర ఆగి ఆలోచిస్తాం. ఇవేవీ జబ్బు తేల్చవు, ఎవరితో ఇంకాస్త మాట్లాడాలో చెబుతాయంతే.

ఫారం ఏదైనా, అడిగే తీరులోనే ఉంది కిటుకంతా. "తాగుతారా?" అంటే "అబ్బే, అప్పుడప్పుడూ" అంటారు. ఒకరి అప్పుడప్పుడూ రెండు నెలలకోసారి, ఇంకొకరిది వారానికి నాలుగు రోజులు. అందుకే "పోయిన నెలలో ఎన్ని రోజులు? ఆ రోజు ఎంత?" అని అడుగుతాను. ఎంత అన్నదానికి ఖాళీ గ్లాసు చూపించి ఎక్కడిదాకా పోసుకుంటారో వేలు పెట్టి చూపమంటాను. ఆడిట్ లెక్కలో ఒక డ్రింక్ అంటే సుమారు 10 గ్రాముల ఆల్కహాల్. ఇంట్లో పోసుకునే గ్లాసు ఒక్కటే రెండు మూడింటి పెట్టు అవుతుంది. భార్యో భర్తో అమ్మానాన్నలో పక్కనుంటే మాత్రం అడగొద్దు. "ఇవి అందరినీ అడుగుతాం, మందు రాసేముందు తెలిస్తే మీకే మంచిది" అని ముందే చెబితే సగం బిగువు సడలిపోతుంది.

తాగుడు మానడానికి వచ్చినవాళ్ల విషయంలో మేం దీనికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు చేశాం. మానేసిన మొదటి వారంలో పీహెచ్‌క్యూ-9 పెట్టి, 20 దాటింది కాబట్టి తీవ్రమైన డిప్రెషన్ అని రాసేసేవాళ్లం. నిద్ర, ఆకలి తప్పడం, నీరసం, ధ్యాస కుదరకపోవడం... ఆ వారంలో ఇవన్నీ మద్యం దిగిపోవడం వల్ల కూడా వస్తాయి. నాలుగు వారాలు ముట్టకుండా ఉన్నాక మళ్లీ పెడితే చాలామందికి అంకె బాగా దిగుతుంది, దిగనివాళ్లెవరో అప్పుడు తెలుస్తుంది. అంతదాకా ఊరుకోకుండా నేను ఒక తెల్లకాగితం మీద అడ్డంగా గీత గీస్తాను. గీత పైన మనసు బాగాలేని రోజులు, కింద మత్తు వాడిన రోజులు, వయసు ప్రకారం. ఏది ముందొచ్చింది, మానేసిన నెలల్లో మనసెలా ఉంది అన్నది వాళ్లే చూసి చెబుతారు. ఒక కుర్రాడు గీసి గీసి, "తాగుడు కంటే ఈ భయమే ఆరేళ్లు పెద్దదండీ" అన్నాడు.

రెండు చోట్ల మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న చచ్చిపోవాలనిపించడం గురించి. మొత్తం అంకె ఎంత తక్కువైనా దానికి సున్నా కానిది ఏదొచ్చినా అదే రోజు మాట్లాడాలి. రెండోది, రోజూ బాగా తాగేవాళ్లని "రేపటి నుంచి మానెయ్యండి" అని ఇంటికి పంపడం. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి చెదిరిపోయే ప్రమాదకరమైన స్థితి రావచ్చు. డాక్టర్ చూడకుండా ఆ మాట అనొద్దు.

సిగరెట్టుని కూడా వదలకండి. పొగ వల్ల కాలేయం క్లోజపిన్, ఒలాంజపిన్‌లను (స్కిజోఫ్రెనియా లాంటి తీవ్రమైన మానసిక జబ్బులకి ఇచ్చే మందులు) త్వరగా ఖర్చు చేసేస్తుంది. ఆ మందులు వాడుతూ సిగరెట్లు ఒక్కసారిగా మానేస్తే రక్తంలో మందు పెరిగిపోతుంది, మోతాదు మళ్లీ చూడాలి.

మొదటిసారి "లేదు" అన్నవాళ్లని మూడు నెలలకి మళ్లీ అడుగుతాం. పాత ఫారం చేతికిస్తే కొందరు నవ్వి, సున్నా కొట్టేసి వేరే అంకె వేస్తారు.