పది రోజులకు ఒక్క పోర్చుగల్ చాలు

ప్రశ్న: నేనూ మావారూ ఈమధ్యే ఉద్యోగ విరమణ చేశాం. వచ్చే అక్టోబరులో పది రోజులు యూరప్ చూసి రావాలని ఉంది. ఆరు దేశాలు తిప్పుతామని ఒక ప్యాకేజీవారు అంటున్నారు, మా అమ్మాయేమో ఒక్క పోర్చుగల్ చూసి రమ్మంటోంది. ఒక్క దేశానికి పది రోజులా అని మావారి సందేహం. పైగా మేమిద్దరం శాకాహారులం, గుడ్డు కూడా ముట్టం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: మీ అమ్మాయి మాటే వినండి. పది రోజుల్లో ఆరు దేశాలంటే సగం కాలం బస్సు కిటికీ పక్కన, మిగతా సగం పెట్టెలు సర్దుకోవడంలో గడిచిపోతుంది. యూరప్‌లోని చాలా దేశాలకు ఒక్కటే సరిపోయే షెంజెన్ వీసాకు మీరు ఎక్కువ రోజులు ఉండబోయే దేశానికే దరఖాస్తు చేయాలి కనుక ఒకే దేశమైతే ఆ లెక్క కూడా తేలిక. 30,000 యూరోలకు తగ్గని ప్రయాణ వైద్య బీమా మాత్రం తప్పనిసరి.

లిస్బన్‌లో ఐదు రోజులు, కొయింబ్రాలో రెండు, పోర్తోలో మూడు ఉండండి. మూడూ ఒకే రైలు మార్గం మీద ఉన్నాయి, ఆ చివరి నుంచి ఈ చివరికి వేగంగా వెళ్లే రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం.

లిస్బన్‌లో అందరూ వెళ్లే బెలేం ప్రాంతానికి మీరూ వెళ్లండి, కాని సోమవారం వద్దు, ఆ రోజు జెరోనిమోస్ మఠం మూసి ఉంటుంది. 1501లో మొదలైన ఆ కట్టడానికి డబ్బు చాలావరకు ఆఫ్రికా, తూర్పు దేశాలతో జరిగిన వ్యాపారం మీద వేసిన పన్ను నుంచే వచ్చింది, అంటే ఆ రాతి చెక్కడాల వెనుక మన పడమటి తీరపు వ్యాపార సొమ్ము కూడా ఉంది. లోపల వాస్కో ద గామా సమాధి ఉంటుంది. ఆయన 1524లో కొచ్చిలో చనిపోతే ముందు అక్కడే పూడ్చి, తర్వాత అస్థికలను స్వదేశానికి తరలించారు. నన్నడిగితే దానికంటే గోడలకు అతికించే పింగాణీ పలకల (టైల్స్) మ్యూజియంలో ఎక్కువ సేపు గడపమంటాను. నీలం, తెలుపు పలకలతో కూర్చిన సుమారు 23 మీటర్ల పొడవైన నగర దృశ్యం ఒకటి అక్కడ ఉంది. 1755 నవంబరు 1 నాటి భూకంపానికి ముందు లిస్బన్ ఎలా ఉండేదో అందులో ఇల్లిల్లూ కనిపిస్తుంది. అది చూశాక ఊళ్లోకి వచ్చి, ఆ భూకంపంలో పైకప్పు కూలి నేటికీ అలాగే నిలిచి ఉన్న కార్మో మఠాన్ని చూస్తే, ఏం పోయిందో అర్థమవుతుంది.

భాషకు బెదరకండి. మన అల్మారా, తువ్వాలు, బొత్తాం, మేస్త్రీ అక్కడి నుంచి వచ్చిన మాటలే. కృతజ్ఞత చెప్పేటప్పుడు మీరు 'ఒబ్రిగాదా' అనాలి, మీవారు 'ఒబ్రిగాదు' అనాలి.

హోటల్లో కూర్చోగానే అడగకుండానే రొట్టె, ఆలివ్ కాయలు, వెన్న తెచ్చి పెడతారు. అది మర్యాద కోసం పెట్టింది కాదు, తింటే బిల్లులో పడుతుంది. వద్దనుకుంటే ముట్టకుండా వెనక్కి పంపవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. ఆకుకూర, బంగాళాదుంపలతో చేసే 'కాల్దు వెర్ద్' అనే సూప్ పేరు విని మీకు పనికొస్తుందనుకుంటారేమో, అందులో మామూలుగా పంది మాంసపు సాసేజ్ ముక్క వేస్తారు. పేరుపడ్డ 'పాస్తెల్ దె నాతా' నిండా గుడ్డు సొనే. మఠాల్లో పుట్టిన మిఠాయిలు చాలావరకు అంతే కాబట్టి, మిఠాయి దుకాణాలను బయటి నుంచి చూసి తృప్తిపడాల్సిందే. అయితే మీరు వెళ్లేది అక్టోబరులో కదా, వీధి మలుపుల్లో పొగలు కక్కే బండ్ల మీద చెస్ట్‌నట్ కాయలను రాతి ఉప్పు చల్లి కాలుస్తుంటారు. డజను లెక్కన కాగితపు పొట్లంలో కట్టి ఇస్తారు. వేడివేడిగా వలుచుకు తింటే, మన నిప్పుల మీద కాల్చిన పనసపిక్కల రుచికి చాలా దగ్గరగా ఉంటాయి.