చెరువు నాచు ఎందుకు కుళ్లింది?

ప్రశ్న: సార్, మా ఇంట్లో రెండడుగుల అక్వేరియం ఉంది. నాలుగు మోలీలు, రెండు గౌరామీలు ఉన్నాయి. ప్లాస్టిక్ మొక్కలు రంగు వెలిసిపోయాయని, మొన్న చెరువులోంచి నాచు తెచ్చి, గుత్తిగా కట్టి రాళ్లలో గుచ్చాను. పది రోజుల్లోనే కుళ్లి నీళ్లు వాసన కొట్టాయి. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ లేకపోతే మొక్కలు బతకవని షాపతను అంటున్నాడు. అంత ఖర్చు తప్పదా? మాది బోరు నీళ్లు.
– ఒక పాఠకురాలు, హసన్‌పర్తి

జవాబు: సిలిండర్ కొనకండమ్మా. తక్కువ వెలుగులో నిదానంగా పెరిగే మొక్కలకు దాని అవసరమే లేదు. బోరు నీళ్లని మీరు దిగులుపడుతున్నారు గానీ, గాజుకు తెల్ల చారలు కట్టే ఆ నీళ్లే మోలీలకు ఇష్టం. వాలిస్నేరియా అనే పొడవాకుల మొక్కకూ అంతే. గట్టి నీళ్లలో ఉండే బైకార్బనేట్ నుంచే అది తనకు కావలసిన కార్బన్ తీసుకోగలదు. మీరు మొదట కొనాల్సింది అదే.

మీరు తెచ్చిన నాచు బహుశా హైడ్రిల్లా. మన చెరువుల్లో అదే ఎక్కువ. దాన్ని గుత్తిగా బిగించి కట్టడం వల్ల లోపలి ఆకులకు వెలుగు అందలేదు, రాళ్ల కింద నలిగిన కాడలు కుళ్లాయి. నాలుగు కాడలు నీటి మీద తేలనిస్తే చాలు, అదే పెరుగుతుంది. అయితే చెరువు మొక్కతో పాటు నత్తలు, జలగలు, తూనీగ పిల్లలు కూడా వస్తాయి. తూనీగ పిల్లలు చిన్న చేపపిల్లల్ని పట్టి తినేస్తాయి. అందుకే ముందు ఒక బకెట్లో వారం పాటు విడిగా ఉంచి, రోజూ నీళ్లు మార్చి చూడండి.

ఒక్క మాట గట్టిగా చెబుతాను. ప్లాస్టిక్ మొక్కలన్నీ ఒకేరోజు తీయకండి. నేను హనుమకొండలో తొట్టి పెట్టిన కొత్తలో ఒక ఆదివారం పాత మొక్కలన్నీ తీసేసి, రాళ్లనూ ఫిల్టర్ స్పాంజినీ కుళాయి కింద తళతళలాడేలా కడిగాను. మూడో రోజుకి చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరిచాయి. రెండు చనిపోయాయి. ఆ బాధ ఇప్పటికీ ఉంది. చేపల వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియా అనే విషాన్ని హాని తగ్గేలా మార్చే బ్యాక్టీరియా ఆ రాళ్ల మీద, స్పాంజిలో, ప్లాస్టిక్ ఆకుల మీద ఉన్న జిగురు పొరలోనే బతుకుతుందని అప్పుడు నాకు తెలియదు. వారానికి ఒక ప్లాస్టిక్ మొక్క తీసి, దాని చోట ఒక అసలు మొక్క పెట్టండి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

రాళ్లు మార్చనక్కర్లేదు. రంగు వేయని చిన్న మట్టి గురిగిలో కడిగిన దొడ్డు ఇసుక పోసి, వాలిస్నేరియాను అందులో నాటండి. ఇసుక మీద నిమ్మరసం చుక్క వేస్తే పొంగిందంటే అందులో సున్నం ఉన్నట్టే, అది వద్దు. ఆకులూ వేర్లూ కలిసే తెల్లటి భాగం ఇసుక పైనే ఉండాలి. మీరు కొనాల్సిన రెండో మొక్క జావా ఫెర్న్. దాన్ని అసలు పాతకూడదు, రాయికి దారంతో కట్టాలి. పాతితే దాని కాండం కుళ్లిపోతుంది.

మొదటి రెండు మూడు వారాలు పాత ఆకులు పసుపెక్కి కరిగిపోతాయి. టెన్షన్ పడి పీకేయకండి. మధ్యలో కొత్త ఆకు వస్తోందా అని చూడండి. లైటు రోజుకు ఏడు గంటలు చాలు. ఎక్కువైతే గాజుకు పచ్చటి పాచి పడుతుంది.

ఎండాకాలం మాత్రం జాగ్రత్త. మేలో మన దగ్గర నలభై డిగ్రీలు దాటుతుంది, వేడి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. రాత్రి మొక్కలు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి కాబట్టి గాలి మోటారు ఆపకండి. మూత కొంచెం తెరిచి, నీటి మీదుగా టేబుల్ ఫ్యాన్ పెట్టండి.

మోలీ కడుపు పెద్దగా కనిపిస్తే తేలే హైడ్రిల్లా తీయకండి. పిల్లలు పుట్టగానే దూరి దాక్కునేది దాని కిందే.